మర్మాంగాల దగ్గర పులిపిర్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ సమస్య వచ్చినవాళ్లు డాక్టర్ గదిలో కంటే బయట, ఫోన్‌లో, పేరు చెప్పకుండా ఎక్కువ అడుగుతారు. వయసు ఏదైనా, ఊరు ఏదైనా సందేహాలు మాత్రం అవే. అందుకే వాటిని అడిగిన మాటల్లోనే ఇక్కడ పెట్టాను. టెన్షన్‌లో ఉన్నవాళ్లకు మొదటి నుంచి చివరిదాకా చదివే ఓపిక ఉండదు. మీ ప్రశ్న ఎక్కడుందో చూసి దాన్ని ఒక్కటే చదువుకున్నా సరిపోతుంది.

## ఏదో కనిపించింది, అనుమానంగా ఉంది

కింద చిన్న చిన్న కండలు లేచాయి. నొప్పి లేదు. ఇవి పులిపిర్లేనా?

కావచ్చు. ఇవి చర్మం రంగులోనో, కొంచెం గులాబీ లేదా గోధుమ రంగులోనో ఉంటాయి. ముట్టుకుంటే మెత్తగా, పైన గరుకుగా తగులుతాయి. ఒక్కటే ఉండొచ్చు, నాలుగైదు ఉండొచ్చు, గుత్తిగా పెరిగి కాలీఫ్లవర్‌లా కూడా కనిపించొచ్చు. మగవాళ్లలో అంగం మీద, ముందు చర్మం కింద, వృషణాల సంచి మీద వస్తాయి. ఆడవాళ్లలో యోని పెదవుల మీద, లోపల, గర్భాశయ ముఖద్వారం దగ్గర వస్తాయి. గజ్జల్లో, మలద్వారం చుట్టూ ఎవరికైనా రావచ్చు. చాలామందికి నొప్పి ఉండదు. దురద, తడి, రాపిడికి కాస్త రక్తం రావడం కొందరిలో ఉంటుంది. నొప్పి లేదు కదా అని నెలల తరబడి వదిలేసేవాళ్లే ఎక్కువ. చిన్నగా ఉన్నప్పుడు తీయించుకోవడం చాలా తేలిక.

అంగం అంచు చుట్టూ వరుసగా తెల్లటి గింజల్లా ఉన్నాయి. ఫోన్‌లో ఫొటోలు చూస్తే భయమేస్తోంది.

అంచు చుట్టూ ఒకే సైజులో, వరుసగా ఉండి, నెలలు గడిచినా మారకపోతే అవి చాలావరకు సహజమైన చర్మ నిర్మాణమే. జబ్బు కాదు, అంటుకోదు, మందు అక్కర్లేదు. ఆడవాళ్లలో కూడా యోని ముఖద్వారం లోపలి అంచున ఇలాంటి సహజమైన బుడిపెలు ఉంటాయి. పసుపు రంగు చుక్కల్లా కనిపించేవి నూనె గ్రంథులు. ఇవేమీ కానివి రెండున్నాయి, వాటిని తేలిగ్గా తీసుకోవద్దు. మధ్యలో చిన్న గుంటతో ముత్యంలా ఉండేది మొలస్కమ్ అనే వేరే వైరస్. చదునుగా, తడిగా, వెడల్పుగా ఉండేవి సిఫిలిస్ అనే సుఖవ్యాధి రెండో దశలో వస్తాయి. అది ఇంజెక్షన్‌తో నయమయ్యే జబ్బు, కానీ వదిలేస్తే ప్రమాదం. చూసి తేడా చెప్పడం అలవాటున్న డాక్టర్ కంటికే సాధ్యం, ఫొటోలతో పోల్చుకుంటే కుదరదు.

ఇవి అసలు ఎందుకు వస్తాయి?

హ్యూమన్ పాపిలోమా వైరస్ వల్ల. దీన్నే హెచ్‌పీవీ అంటారు. ఇందులో 200కు పైగా రకాలున్నాయి, వాటిలో దాదాపు 40 రకాలు మర్మాంగాల చర్మానికి వస్తాయి. పులిపిర్లలో 90 శాతం దాకా 6, 11 నంబర్ల రకాల వల్లే. వైరస్ ఉన్న చర్మం మరో చర్మానికి రాసుకున్నప్పుడు కంటికి కనిపించని సన్నటి గీతల్లోంచి లోపలికి వెళ్తుంది. పూర్తి కలయికే జరగాలని లేదు, చర్మం తగిలితే చాలు. లైంగిక జీవితం ఉన్నవాళ్లలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు హెచ్‌పీవీ సోకుతుంది. ఎక్కువమందిలో ఏ గుర్తూ లేకుండానే శరీరం దాన్ని అణిచేస్తుంది. కొందరిలో మాత్రమే పులిపిర్లుగా బయటపడుతుంది.

హాస్టల్ బాత్రూమ్ వల్ల వచ్చిందా? స్విమ్మింగ్ పూల్‌లో దిగాను, అందుకా?

టాయిలెట్ సీటు, బకెట్, ఈత కొలను వల్ల ఇవి వస్తాయని భయపడక్కర్లేదు. పెద్దవాళ్లలో దాదాపు ఎప్పుడూ లైంగిక సంపర్కం వల్లే వస్తాయి. ఒకే ఇంట్లో ఉండటం, కలిసి తినడం, బట్టలు కలిపి ఉతకడం వల్ల ఇంట్లోవాళ్లకు రావు.

ఇది క్యాన్సర్‌గా మారుతుందా?

పులిపిర్లు తెచ్చే 6, 11 రకాలు క్యాన్సర్ తెచ్చే రకాలు కావు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లలో సుమారు 70 శాతానికి 16, 18 రకాలు కారణం. అయితే ఒకే మనిషికి రెండు మూడు రకాలు ఒకేసారి సోకొచ్చు, అందుకే ఆడవాళ్లు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు చేసే మామూలు స్క్రీనింగ్ పరీక్ష మానకూడదు. పులిపిరి వచ్చిందని అందరికంటే తరచుగా ఆ పరీక్ష చేయించుకోనవసరం లేదు. పులిపిరి గట్టిపడినా, పుండు పడినా, నల్లగా మారినా, చికిత్సకు లొంగకుండా వేగంగా పెరుగుతున్నా చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపుతారు.

## డాక్టర్ దగ్గరకు వెళ్లే ముందు

ఏ డాక్టర్ దగ్గరకు వెళ్లాలి? ఎక్కువ ఖర్చవుతుందా?

చర్మవ్యాధుల డాక్టర్ దగ్గరకు. మన దగ్గర చర్మం, సుఖవ్యాధులు, కుష్ఠు మూడూ ఒకే విభాగం, బోర్డు మీద డీవీఎల్ అని ఉంటుంది. బోధనాసుపత్రుల్లో, జిల్లా ఆసుపత్రుల్లో ఈ ఓపీ ఉంటుంది. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ నడిపించే సురక్ష క్లినిక్‌లు కూడా ప్రభుత్వ ఆసుపత్రుల్లోనే ఉంటాయి. అక్కడ సుఖవ్యాధులకు పరీక్ష, కౌన్సెలింగ్ ఉచితం. ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే 1097 టోల్‌ఫ్రీ నంబర్‌కు ఫోన్ చేసి అడగొచ్చు. ఆడవాళ్లు గైనకాలజిస్ట్ దగ్గరకు వెళ్లినా సరే. మలద్వారం లోపల ఉంటే సర్జన్ దగ్గరకు పంపుతారు.

నాకింకా పెళ్లి కాలేదు. డాక్టర్ ఏమనుకుంటారో అని వెళ్లలేకపోతున్నా.

ఆ విభాగంలో కూర్చునే డాక్టర్‌కు ఇది రోజూ కనిపించే సమస్య. మీ పెళ్లి గురించి కాదు, పులిపిర్లు ఎప్పుడు మొదలయ్యాయి, ఎక్కడెక్కడ ఉన్నాయి, గర్భం ఉందా, ఇతర మందులు ఏం వాడుతున్నారు అన్నది ఆయనకు కావాలి. ఆడవాళ్లు లేడీ డాక్టర్ కావాలని అడగొచ్చు, పక్కన ఒక నర్సు ఉండాలని కూడా అడగొచ్చు. ఎవరైనా తిట్టి పంపితే అది మీ తప్పు కాదు. వేరే డాక్టర్ దగ్గరకు వెళ్లండి, చికిత్స మాత్రం మానుకోవద్దు.

రక్తపరీక్షలో హెచ్‌పీవీ తెలుస్తుందా? మరి హెచ్‌ఐవీ పరీక్ష ఎందుకు రాశారు?

రక్తంలో హెచ్‌పీవీని పట్టే పరీక్ష వైద్యంలో వాడరు. పులిపిర్లను చూసే నిర్ధారిస్తారు. రక్తపరీక్షలు రాసేది తోడుగా ఇంకేమైనా ఉందేమో చూడటానికి: సిఫిలిస్‌కు వీడీఆర్‌ఎల్, ఆపైన హెచ్‌ఐవీ, హెపటైటిస్ బీ. అందరికీ రాస్తారు, మిమ్మల్ని అనుమానించి కాదు. హెచ్‌ఐవీ పరీక్షకు మీ అంగీకారం తప్పనిసరి, ఫలితం గోప్యంగా ఉంచాలని 2017 నాటి చట్టం చెబుతోంది. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లలో పులిపిర్లు పెద్దగా, ఎక్కువగా వస్తాయి, తగ్గడానికి సమయం పడుతుంది. ఆ సంగతి ముందే తెలిస్తే రెండిటికీ కలిపి చికిత్స మొదలుపెట్టొచ్చు.

## చికిత్స

మందుతో పోతాయా, కాల్చాల్సిందేనా?

రెండు దారులూ ఉన్నాయి. ఎన్ని ఉన్నాయి, ఎంత పెద్దవి, ఎక్కడున్నాయి అన్నదాన్ని బట్టి డాక్టర్ నిర్ణయిస్తారు. కొద్దిగా, చిన్నగా, మెత్తగా ఉంటే రాసుకునే మందు సరిపోవచ్చు. ఆసుపత్రిలో చేసేవాటిలో ద్రవ నత్రజనితో గడ్డకట్టించడం ఒకటి. మైనస్ 196 డిగ్రీల చల్లదనం అది, కొద్ది సెకన్లు చురుక్కుమంటుంది, తర్వాత చిన్న పొక్కు లేచి రాలిపోతుంది. వారం రెండు వారాలకోసారి కొన్ని సిట్టింగులు పడతాయి. ట్రైక్లోరో ఎసిటిక్ యాసిడ్‌ను డాక్టరే చుక్కగా పెడతారు. ఎక్కువగా ఉన్నప్పుడు మత్తు ఇంజెక్షన్ ఇచ్చి కరెంటు పరికరంతో కాల్చడం, లేజర్, కత్తిరించి తీయడం లాంటివి చేస్తారు. వీటిలో ఏ ఒక్కటీ అందరికీ ఉత్తమం అని చెప్పలేం. కాబట్టి లేజర్ ఖర్చు భరించలేకపోతున్నానని బాధపడక్కర్లేదు, ప్రభుత్వ ఆసుపత్రిలో చేసే మామూలు పద్ధతులతోనూ తగ్గుతాయి.

ఇంట్లో రాసుకోమని ఇచ్చారు. ఎలా రాయాలి? మంట పుడుతోంది.

ఎక్కువగా ఇచ్చేవి రెండు. పోడోఫిల్లోటాక్సిన్ అయితే రోజుకు రెండుసార్లు చొప్పున మూడు రోజులు రాసి నాలుగు రోజులు ఆపాలి. ఇలా నాలుగు వారాల దాకా చేయొచ్చు. చుట్టూ ఉన్న మంచి చర్మానికి వాజెలిన్ రాసుకుంటే మంట తగ్గుతుంది. ఇమిక్విమాడ్ క్రీమ్ అయితే వారానికి మూడు రాత్రులు, రోజు విడిచి రోజు, పలుచగా రాసి, ఆరు నుంచి పది గంటల తర్వాత సబ్బుతో కడగాలి. ఇది పులిపిరిని నేరుగా కాల్చదు, అక్కడి రోగనిరోధక శక్తిని లేపుతుంది. అందుకే ఫలితం కనిపించడానికి వారాలు పడుతుంది, గరిష్ఠంగా 16 వారాలు వాడతారు. కొంచెం ఎర్రబడటం, మంట మామూలే. పుండు పడితే, వాపు వస్తే, జ్వరం వస్తే ఆపి డాక్టర్‌కు చూపించండి. తొందరగా పోతుందని చెప్పినదానికంటే ఎక్కువ రాయడం వల్లే చాలామందికి పుండ్లు పడతాయి. ఇమిక్విమాడ్ కండోమ్ రబ్బరును బలహీనపరుస్తుంది, అది చర్మం మీద ఉన్నప్పుడు కలవకూడదు. గర్భం ఉన్నా, ఉందేమో అని అనుమానమున్నా ఈ రెండూ వాడొద్దు.

సున్నం, సబ్బు కలిపి పెడితే రాలిపోతాయని మా అమ్మమ్మ చెప్పింది. గుర్రపు వెంట్రుక కడితే?

దయచేసి చేయకండి. చేతి మీద పులిపిరికి సున్నం పెట్టడం, వెంట్రుక కట్టడం మన ఊళ్లలో తరతరాలుగా ఉంది. చేతి మీది మందపాటి చర్మం ఎలాగో తట్టుకుంటుంది. మర్మాంగాల చర్మం చాలా పలచన. సున్నం, జీడి రసం అక్కడ లోతుగా కాలుస్తాయి, పుండు పడి చీము పడుతుంది, మానాక మచ్చ, బిగుతు మిగులుతాయి. వెంట్రుక కట్టినా, బ్లేడుతో కోసినా, అగరబత్తితో కాల్చినా రక్తస్రావం, ఇన్ఫెక్షన్ రావచ్చు. పైగా చుట్టుపక్కల చర్మంలో వైరస్ అలాగే ఉంటుంది. ఇలా కాల్చుకున్నవాళ్లు ఆ పుండును చూపించుకోవడానికి ఇంకా సిగ్గుపడి ఆలస్యం చేస్తారు. అలా జరిగి ఉంటే సున్నం పెట్టామని డాక్టర్‌కు ఉన్నదున్నట్టు చెప్పండి, చికిత్స దాన్ని బట్టే మారుతుంది.

కాళ్ల ఆనెలకు, చేతి పులిపిర్లకు వాడే మందు ఇంట్లో ఉంది. అదే రాయొచ్చా?

వద్దు. వాటిలో సాలిసిలిక్ యాసిడ్ ఉంటుంది, మర్మాంగాల చర్మం కాలిపోతుంది.

మెడికల్ షాపులో దురదకు క్రీమ్ ఇచ్చారు. రాస్తే హాయిగా ఉంది.

ఆ క్రీమ్ ట్యూబ్ మీద క్లోబెటసాల్, బెక్లోమెథసోన్ లాంటి పేరు ఉంటే అది స్టెరాయిడ్. దురద తగ్గినట్టు అనిపిస్తుంది కానీ అక్కడి చర్మం రోగనిరోధక శక్తిని తగ్గిస్తుంది, చర్మాన్ని పలచన చేస్తుంది. పులిపిరి మీద అది పనిచేయదు. వెంటనే ఆపి, ట్యూబ్ తీసుకుని డాక్టర్‌కు చూపించండి. యాంటీబయాటిక్ మాత్రలకూ వైరస్ లొంగదు.

తీయించుకున్నా రెండు నెలల్లో మళ్లీ వచ్చాయి. డాక్టర్ సరిగా చేయలేదా?

చాలావరకు అలా కాదు. చికిత్స కంటికి కనిపించే పులిపిరిని తీసేస్తుంది, పక్కన మామూలుగా కనిపించే చర్మంలో వైరస్ కొంతకాలం ఉంటుంది. అందుకే మొదటి మూడు నెలల్లో మళ్లీ రావడం మామూలు విషయం. కొత్తది కనిపించగానే, చిన్నగా ఉండగానే వెళ్తే ఒక్క సిట్టింగ్‌లోనే పోవచ్చు. నెలలు గడిచేకొద్దీ శరీరం వైరస్‌ను అదుపులోకి తెచ్చుకుంటుంది, ఎక్కువమందిలో ఈ తిరగబెట్టడం ఆగిపోతుంది. సిగరెట్ తాగేవాళ్లలో ఆలస్యంగా తగ్గుతాయి. అక్కడ షేవింగ్ చేస్తే బ్లేడు గీతల్లోంచి కొత్త చోట్లకు పాకుతాయి. పూర్తిగా తగ్గేదాకా కత్తెరతో కత్తిరించుకోండి.

చికిత్స తీసుకోకుండా వదిలేస్తే ఏమవుతుంది?

కొందరిలో కొన్ని నెలల్లో వాటంతటవే పోతాయి, కొందరిలో అలాగే ఉంటాయి, కొందరిలో పెరుగుతాయి. ఏది జరుగుతుందో ముందే చెప్పలేం. హోమియో, ఆకుపసరు మందులు వాడితే పోయాయని చెప్పేవాళ్లలో చాలామందికి ఇలా వాటంతటవే పోయి ఉంటాయి.

## భార్యాభర్తల మధ్య

ఆయనకు ఏమీ లేదు, నాకే వచ్చింది. ఇంట్లో నన్ను అనుమానిస్తున్నారు.

ఈ ప్రశ్న దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే ఈ జబ్బు శరీరానికి చేసే హాని కంటే అనుమానం సంసారానికి చేసే హాని పెద్దది. వైరస్ సోకాక పులిపిరి కనిపించడానికి సాధారణంగా రెండు మూడు నెలలు పడుతుంది. కొన్ని వారాల్లోనే రావచ్చు, ఏళ్ల తర్వాత కూడా రావచ్చు. పెళ్లికి ముందు సోకింది ఇప్పుడు బయటపడొచ్చు. ఒక్క పులిపిరీ లేని మనిషి దగ్గర వైరస్ ఉండొచ్చు, తనకు తెలియకుండానే ఇవ్వొచ్చు. మగవాళ్లలో అయితే ఉందో లేదో తేల్చే పరీక్ష మామూలు వైద్యంలో లేదు. అంటే ఎవరి నుంచి ఎవరికి వచ్చింది, ఎప్పుడు వచ్చింది అనేది ఏ డాక్టర్‌కూ, ఏ ల్యాబ్‌కూ చెప్పడం సాధ్యం కాదు. ముందు ఎవరికి కనిపించింది అన్నది దేనికీ సాక్ష్యం కాదు.

ఆడవాళ్లకు గర్భం సమయంలో రోగనిరోధక శక్తి మారినప్పుడు పాత వైరస్ బయటపడటం తరచూ జరుగుతుంది. ఆ సమయంలోనే కోడలి మీద నింద పడుతుంది. ఇలాంటి పరిస్థితి ఉంటే ఇద్దరూ కలిసి డాక్టర్ దగ్గరకు వెళ్లండి, ఈ మాట డాక్టర్ నోటితోనే ఇంట్లోవాళ్లు వినేలా చూడండి. భర్తకు గుర్తులు లేకపోయినా ఒకసారి పరీక్ష చేయించుకోవాలి, మిగతా సుఖవ్యాధుల పరీక్షలు కూడా ఇద్దరికీ జరగాలి.

పెళ్లి కుదిరింది. వాళ్లకు చెప్పాలా?

చెప్పాలనే నా అభిప్రాయం. కానీ ఊరంతటికీ కాదు, పెళ్లి చేసుకోబోయే మనిషికి మాత్రమే. అవతలివాళ్లు హెచ్‌పీవీ టీకా వేసుకోవడానికి, ఇద్దరూ కొంతకాలం కండోమ్ వాడటానికి ఆ సమాచారం ఉపయోగపడుతుంది. ముందు చికిత్స పూర్తి చేయించుకోండి, డాక్టర్ మాటల్లో విషయం అర్థం చేసుకోండి, అప్పుడు చెప్పడం తేలికవుతుంది. తగ్గి ఎంతకాలమైతే అంటుకోదు అని కచ్చితమైన గడువు లేదు. కాలం గడిచేకొద్దీ అవకాశం తగ్గుతుంది. పిల్లలు పుట్టే శక్తిని ఇది తగ్గించదు, పెళ్లి మానుకోవాల్సిన కారణం కాదు.

కండోమ్ వాడితే రాదు కదా?

ప్రమాదం తగ్గుతుంది, పూర్తిగా పోదు. కండోమ్ కప్పని చర్మం నుంచి కూడా వైరస్ వస్తుంది. అయినా వాడండి, హెచ్‌ఐవీ, గనేరియా, అవాంఛిత గర్భం నుంచి అది బాగా కాపాడుతుంది. పులిపిర్లు కనిపిస్తున్నంత కాలం, కాల్చిన చోట పుండు మానేదాకా కలవకపోవడమే మంచిది.

## గర్భం, పిల్లలు

ఐదో నెల. పులిపిర్లు ఒక్కసారిగా పెరుగుతున్నాయి. బిడ్డకు ఏమైనా అవుతుందా?

గర్భంలో ఇవి పెరగడం మామూలు, కాన్పయ్యాక చాలామందిలో బాగా తగ్గుతాయి. కడుపులో బిడ్డ ఎదుగుదలకు ఇబ్బంది లేదు. కాన్పు సమయంలో వైరస్ బిడ్డ గొంతులోకి వెళ్లి స్వరపేటిక మీద పులిపిర్లు రావడం ఉంది, కానీ అది చాలా అరుదు. ద్రవ నత్రజని, ట్రైక్లోరో ఎసిటిక్ యాసిడ్, కాల్చి తీయడం గర్భంలో చేయొచ్చు. పోడోఫిల్లిన్, పోడోఫిల్లోటాక్సిన్, ఇమిక్విమాడ్ వాడకూడదు. పాత చీటీతో మెడికల్ షాపులో మందు కొనకండి.

అయితే సిజేరియన్ తప్పదా?

తప్పుతుంది. పులిపిర్లు ఉన్నాయన్న ఒక్క కారణంతో సిజేరియన్ చేయనవసరం లేదు. అవి చాలా పెద్దవై దారికి అడ్డంగా ఉన్నా, ఎక్కువ రక్తస్రావం అయ్యేలా ఉన్నా మాత్రమే ఆపరేషన్ ఆలోచిస్తారు.

చిన్నపాపకు అక్కడ పులిపిర్లు కనిపించాయి. ఎలా వచ్చి ఉంటాయి?

కాన్పులో తల్లి నుంచి రావచ్చు. స్నానం చేయించే పెద్దవాళ్ల చేతి పులిపిర్ల నుంచి కూడా రావచ్చు. కానీ ఎవరైనా బిడ్డను లైంగికంగా వేధించారేమో అన్నది తప్పకుండా చూడాలి. భయపడి దాచిపెట్టకండి, ఇంట్లో ఎవరినో నిలదీయడానికి తొందరపడకండి, బిడ్డను గుచ్చి గుచ్చి అడగకండి. పిల్లల డాక్టర్‌కు చూపించండి. వేధింపు అనుమానం ఉంటే పిల్లల సహాయ నంబర్ 1098కు ఫోన్ చేయొచ్చు. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం ఆ విషయం పోలీసులకు తెలియజేయడం తప్పనిసరి, బిడ్డ పేరు బయటకు రాకూడదని కూడా అదే చట్టం చెబుతుంది.

## టీకా

క్యాన్సర్ టీకా అంటున్నారు, దానికీ పులిపిర్లకూ సంబంధం ఏంటి?

రెండిటికీ అదే హెచ్‌పీవీ టీకా. గార్డాసిల్‌లో, పుణేలోని సీరం ఇన్‌స్టిట్యూట్ తయారుచేసిన సెర్వావ్యాక్‌లో 6, 11, 16, 18 నాలుగు రకాలకూ రక్షణ ఉంది. గార్డాసిల్ 9లో ఇంకో ఐదు రకాలు కలుస్తాయి. 16, 18 రకాలకు మాత్రమే తయారైన టీకా పులిపిర్లను ఆపదు, కాబట్టి వేయించే ముందు ఏ టీకానో అడగండి. 9 నుంచి 14 ఏళ్ల వయసులో ఆరు నెలల తేడాతో రెండు డోసులు, 15 దాటితే మూడు డోసులు అన్నది సాధారణ పద్ధతి. 2022 చివర్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ 20 ఏళ్ల లోపువాళ్లకు ఒక్క డోసు కూడా సరిపోవచ్చని చెప్పింది. లైంగిక జీవితం మొదలుకాక ముందే వేస్తే ఫలితం బాగుంటుంది. అందుకే తొమ్మిదేళ్ల పిల్లకు వేయమంటారు, పిల్ల మీద అనుమానంతో కాదు.

నిజంగా పనిచేస్తుందా?

ఆస్ట్రేలియా 2007లో బడి అమ్మాయిలకు ఈ టీకా మొదలుపెట్టింది. నాలుగైదేళ్లలో అక్కడి సుఖవ్యాధుల క్లినిక్‌లకు పులిపిర్లతో వచ్చే 21 ఏళ్ల లోపు అమ్మాయిలు 90 శాతానికి పైగా తగ్గిపోయారు. అప్పటికి టీకా వేయని అదే వయసు మగపిల్లల్లో కూడా బాగా తగ్గాయి, అమ్మాయిల దగ్గర వైరస్ లేకపోవడమే కారణం. 2013 నుంచి అబ్బాయిలకు కూడా వేస్తున్నారు. సెర్వావ్యాక్‌కు మన దేశంలోనూ అబ్బాయిలకు అనుమతి ఉంది.

ఖమ్మంలో ఈ టీకా వేస్తే అమ్మాయిలు చనిపోయారు కదా?

ఈ భయం ఊరికే పుట్టింది కాదు. 2009లో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో, గుజరాత్‌లోని వడోదరలో పాత్ అనే అమెరికా సంస్థ భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్)తో కలిసి అమ్మాయిలకు హెచ్‌పీవీ టీకాలు వేసింది. ఖమ్మంలో వాళ్లలో చాలామంది గిరిజన పిల్లలు, ఆశ్రమ హాస్టళ్లలో ఉండేవాళ్లు. రెండు రాష్ట్రాల్లో కలిపి ఏడుగురు అమ్మాయిలు చనిపోవడంతో 2010 ఏప్రిల్‌లో ప్రాజెక్టు ఆపేశారు. ఆ మరణాలకు టీకా కారణం కాదని విచారణ కమిటీ తేల్చింది. అయితే తల్లిదండ్రుల సరైన అంగీకారం తీసుకోలేదని, హాస్టల్ వార్డెన్లతో సంతకాలు పెట్టించారని బయటపడింది. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం ఆ తీరును తీవ్రంగా తప్పుబట్టింది.

రెండు విషయాలూ నిజమే. ఆ పిల్లల పట్ల, వాళ్ల అమ్మానాన్నల పట్ల జరిగింది అన్యాయం. టీకా మాత్రం ఆ తర్వాత ప్రపంచవ్యాప్తంగా కోట్లమంది వేసుకున్నది, సురక్షితమని రుజువైనది. వేసిన చోట నొప్పి, కొంచెం జ్వరం, కొందరు పిల్లల్లో కళ్లు తిరగడం ఉంటాయి, అందుకే వేశాక 15 నిమిషాలు కూర్చోబెట్టాలి. ఎవరైనా కాగితం ఇచ్చి సంతకం పెట్టమంటే చదివి, అడిగి, అర్థమయ్యాకే పెట్టండి. అది మీ హక్కు.

నాకు ఇప్పటికే వచ్చాయి. ఇప్పుడు టీకా వేసుకుంటే పోతాయా?

పోవు. ఉన్న పులిపిర్లను టీకా తగ్గించదు. మీకింకా సోకని రకాల నుంచి మాత్రం కాపాడుతుంది. 26 ఏళ్ల లోపు ఉంటే వేసుకోవడం మంచిదే, ఆపైన ఉంటే డాక్టర్‌తో మాట్లాడి నిర్ణయించుకోండి. గర్భంతో ఉంటే కాన్పయ్యేదాకా ఆగాలి.

టీకా వేసుకున్నాను. ఇక గర్భాశయ పరీక్షలు అక్కర్లేదా?

కావాలి. టీకా అన్ని రకాలనూ ఆపదు. 30 ఏళ్లు దాటిన ఆడవాళ్లకు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఐదేళ్లకోసారి గర్భాశయ ముఖద్వార పరీక్ష చేస్తారు. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లు ఇంకా ముందే, 25 ఏళ్ల నుంచే మొదలుపెట్టాలి.